పులికి హెల్త్ బార్ ఉండదు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఒకే సంగతి మీద వచ్చాయి. వంతులవారీగా ఆడే పజిల్ గేమ్‌లో చివర వచ్చే పెద్ద రాక్షసుణ్ణి, అదే బాస్‌ని, ఎలా తయారుచేయాలి అని. సెలవుల్లో అందరూ గేములు చేస్తున్నట్టున్నారు. సరే, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి వీటి ముందే కూర్చున్నాను.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ మూడో సంవత్సరం. నేనూ నా రూమ్మేటూ కలిసి ఒక పజిల్ గేమ్ చేస్తున్నాం. 6×6 గళ్ల బోర్డు. హీరో వంతుకి ఒక గడి నడుస్తాడు, ఎదురుగా రాయి ఉంటే దాన్ని ఒక గడి ముందుకి తోస్తాడు, ఆ తర్వాత శత్రువులు కదులుతాయి. 30 లెవెల్స్ దాకా అందరూ బాగుందన్నారు. చివర్లో ఒక ఆంబోతుని బాస్‌గా పెట్టాం. 2×2 గళ్లంత ఉంటుంది, హెల్త్ 40. రాయి తోసి తగిలిస్తే 2 తగ్గుతుంది. అక్కడికొచ్చేసరికి అందరూ ఫోన్ పక్కన పెట్టేస్తున్నారు. ఒకడైతే "ఎప్పుడు చస్తుందా అని చూశాన్రా" అన్నాడు. హెల్త్ 30కి తగ్గించమంటారా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, 30 కాదు కదా, 10కి తగ్గించినా నీ ఫ్రెండ్ అదే మాట అంటాడు. లెక్క చూడు. 40 తగ్గాలంటే 20 దెబ్బలు. రాయిని తెచ్చి, దాని వెనక్కి చేరి, తోసి తగిలించడానికి నాలుగైదు వంతులు పడుతుందనుకుందాం, అంటే మొత్తం 80 నుంచి 100 వంతులు. అందులో మొదటి దెబ్బకి మాత్రమే బుర్ర పెట్టాడు వాడు. మిగతా 19 దెబ్బలూ కూలిపనే. యాక్షన్ గేమ్‌లో అయితే ఇది నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకే పని ఇరవైసార్లు చేసినా ప్రతిసారీ వేలు తప్పే ప్రమాదం ఉంటుంది, ఆ టెన్షనే ఆట. వంతులవారీ ఆటలో వేలు తప్పేదేముంది, ఒకసారి విడిపోయిన పొడుపుకథని మళ్లీ మళ్లీ అడిగినట్టుంటుంది.

మీ అమ్మమ్మనో తాతయ్యనో అడుగు, పులి-మేక ఆడారా అని. కొన్ని ఊళ్లలో పులిజూదం అంటారు. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. పులి తన పక్కనున్న మేక మీద నుంచి తిన్నగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే. మరి మేకలు పులిని ఎన్నిసార్లు పొడిస్తే చస్తుంది? అసలు పొడవవు. పులికి హెల్త్ లేదు. మేకలన్నీ చేరి మూడు పులులూ ఎటూ కదలకుండా కట్టేస్తే ఆట అయిపోతుంది. ఇవాళ మనం బాస్ ఫైట్ అంటున్నది పాత మండపాల బండల మీద ఎప్పుడో చెక్కి ఉంది, దానికి ప్రాణం అంకెలో కాక ఒక పరిస్థితిలో ఉంది, నేను చెప్పేది అంతే.

కాబట్టి ఆ 40ని తీసిపారెయ్. ఆంబోతు నాలుగువైపులా కదలలేకపోతే హీరో గెలిచినట్టు అని పెట్టు. ఇప్పుడు నీ బోర్డు తనంతట తనే ఎలా పజిల్‌గా మారిపోతుందో చూడు. అది 2×2 కాబట్టి ఒకవైపు ఆపాలంటే ఆ వైపున్న రెండు గళ్లలో ఏదో ఒకదాంట్లో రాయి ఉంటే చాలు, అంత లావు జంతువు పక్కనుంచి దూరలేదు. బోర్డు మధ్యలో ఉంటే 4 రాళ్లు కావాలి, గోడకి ఆనుకుని ఉంటే 3, మూలలో ఉంటే 2. నువ్వు బోర్డు మీద రెండే రాళ్లు పెట్టావనుకో, దాన్ని మూలకి తీసుకెళ్లక తప్పదని ఆడేవాడికి తనకి తానే తెలియాలి. ఆ తెలిసే క్షణం కోసమే ఈ తంటా అంతా. పైగా మూల ఒక్కొక్కదానికీ 4 రకాలుగా రాళ్లు పెట్టొచ్చు, 4 మూలలకీ కలిపి 16 రకాలు, అంటే అందరూ ఒకే దారిలో గెలవాల్సిన పని కూడా లేదు.

అయితే ఆంబోతు ఊరికే నిలబడకూడదు కదా. దానికి మూడే రూల్స్ ఇవ్వు, నాలుగోది వద్దు. ఒకటి, హీరో దాని వరుసలో కనబడితే, అడ్డంగా అయినా నిలువుగా అయినా, తల దించి అటువైపు బాణం గుర్తు చూపిస్తుంది, తర్వాతి వంతులో హీరో అక్కడున్నా లేకపోయినా అటే గోడ దాకా పరిగెడుతుంది. రెండు, మధ్యలో రాయి తగిలితే రాయి పగులుతుంది. మూడు, రాయి దాని ఒంటికి ఆనుకునే ఉంటే అటువైపు పరుగు తీయడానికి జాగా లేదు కాబట్టి ఆ రాయిని ఏమీ చేయలేదు. ఈ మూడోదే తాళంచెవి. 30 లెవెల్స్‌గా రాయిని దూరం నుంచి తోసి తగిలించడం అలవాటైనవాడికి ఇక్కడ అదే అలవాటు అడ్డం తిరుగుతుంది, దూరం నుంచి తోస్తే రాయి పోతుంది. దగ్గరికి వెళ్లాలి, దాని కొమ్ము పక్కనే నిలబడి పెట్టాలి. భయపడాల్సిన చోటికే వెళ్లమంటున్నావన్నమాట. మొదటిసారి ఆడినప్పుడు అది చాలా గమ్మత్తుగా ఉంటుంది.

ఇంకో మాట. దానికి మంటలు ఊదే శక్తి, పిల్ల ఆంబోతుల్ని పిలిచే శక్తి లాంటివి చేర్చాలని నీ రూమ్మేట్ తప్పకుండా అంటాడు. వద్దని చెప్పు. 30 లెవెల్స్ కష్టపడి నేర్పించింది రాయి తోయడం, పరీక్ష కూడా అందులోనే పెట్టాలి. సిలబస్‌లో లేని ప్రశ్న ఇచ్చిన మాస్టారిని మనం ఎన్ని తిట్టుకున్నాం!

ప్రశ్న: బాస్ తర్వాత ఏం చేస్తాడో ముందే చూపించేయడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. ముందే తెలిసిపోతే ఇక సస్పెన్స్ ఏముంటుంది సార్?
– హన్మకొండ

జవాబు: సస్పెన్స్ రెండు రకాలు సార్. "ఏం చేస్తాడో" అనేది ఒకటి, "చేసేది కళ్లకి కనబడుతోంది, నేను ఆపగలనా" అనేది రెండోది. పజిల్‌కి కావాల్సింది రెండోది. 2018లో వచ్చిన ఇన్‌టు ద బ్రీచ్ ఆడి చూడండి. 8×8 గళ్లు, మీ చేతిలో 3 యంత్రాలు. శత్రువులు పెద్ద పురుగులు, అవి తమ వంతులో వచ్చి నిలబడి, ఏ గడి మీద దెబ్బ వేయబోతున్నాయో గుర్తుపెట్టి ఆగుతాయి. అప్పుడు మీ వంతు. పురుగుని చంపక్కర్లేదు, ఒక గడి పక్కకి నెడితే చాలు, అది వేసే దెబ్బ ఇంకో పురుగుకి తగులుతుంది. అన్నీ కనబడుతూనే ఉంటాయి, అయినా ఒక్కో వంతుకి పది నిమిషాలు గడ్డం గోక్కుంటూ కూర్చుంటాం. చదరంగంలోనూ అంతే కదా, అవతలివాడి పావులు మన కళ్లముందే ఉంటాయి, దాచినవేమీ లేవు. అయినా చెమటలు పడతాయి.

నా అనుభవం ఒకటి చెప్తాను, నవ్వకండి. కొన్నేళ్ల కిందట నేనూ ఒక చిన్న గేమ్ చేశాను. అందులో దెయ్యం బాస్ ప్రతి వంతుకీ ఎక్కడో ఒకచోట, నా చేతిలో కూడా లేకుండా, ప్రత్యక్షమయ్యేది. భలే పెట్టానని నాకు గర్వం. మా బావమరిది 40 నిమిషాలు ఆడి గెలిచాడు. ఎలా గెలిచావురా అంటే "ఏమో బావా, అదే పోయింది" అన్నాడు. ఆ రాత్రే ఆ దెయ్యాన్ని తీసేశాను. గెలిచినవాడు ఎలా గెలిచాడో చెప్పలేకపోతే అది పజిల్ కాదు, లాటరీ.

యాదృచ్ఛికం అసలే వద్దని కాదు. ఆట మొదలయ్యే ముందు రాళ్లు ఎక్కడ పడాలో కంప్యూటర్ ఇష్టానికి వదిలేయండి, రోజుకో కొత్త బోర్డు వస్తుంది. ఆడేవాడు తన ఎత్తు వేసేశాక పాచికలు దొర్లించారనుకోండి, అప్పుడు కడుపు మండుతుంది.

ప్రశ్న: మా గేమ్‌లో బాస్‌ని మామూలుగా కొడితే చావడు, ఒక కిటుకు ఉంది. కానీ ఆడేవాళ్లకి ఆ కిటుకు తట్టడం లేదు. పోనీ అని స్క్రీన్ మీద రాస్తే పజిలే చచ్చిపోతోంది. మధ్యేమార్గం ఉందా?
– విజయవాడ

జవాబు: ఉంది, మీకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. జరాసంధుడి కథ గుర్తు తెచ్చుకోండి. భీముడు రోజుల తరబడి కుస్తీ పట్టి, వాణ్ణి రెండుగా చీల్చి పడేస్తే రెండు ముక్కలూ అతుక్కుని మళ్లీ లేచి నిలబడ్డాడు. కృష్ణుడు నోరు విప్పలేదు. ఒక గడ్డిపరక తీసి నిలువునా చీల్చి, ఈ ముక్క అటు, ఆ ముక్క ఇటు, తారుమారు చేసి విసిరాడు. భీముడికి అర్థమైంది.

డిజైనర్ కళ్లతో చూస్తే ఇందులో వరుసగా మూడు పనులు జరిగాయి, వరుస ముఖ్యం. ముందు భీముడు తన బలంతో చేయగలిగింది చేశాడు, అది దాదాపు సరైనదే. తర్వాత అది ఎందుకు పనిచేయలేదో కళ్లారా చూశాడు, ముక్కలు పాక్కుంటూ వచ్చి కలవడం. ఆ తర్వాతే సైగ వచ్చింది, అదీ మాటల్లో కాదు, అదే పనిని గడ్డిపరక మీద చిన్నగా చేసి చూపించడం. మీరు స్క్రీన్ మీద రాయడం అంటే ఈ మొదటి రెండూ వదిలేసి, కృష్ణుడు కుస్తీకి ముందే మైకు పట్టుకుని చెప్పేసినట్టు.

మీ ఆటలో గడ్డిపరక ఏమిటి? బాస్‌కి మూడు నాలుగు లెవెల్స్ ముందు అదే స్వభావం ఉన్న చిన్న రాక్షసుణ్ణి ఒకణ్ణి పెట్టండి, వాడి దగ్గర పొరపాటు చేసినా ఏమీ పోకూడదు. బాస్ దగ్గరికొచ్చాక తప్పు దెబ్బ పడినప్పుడు ఊరికే "0" అని చూపించి ఊరుకోకండి. దెబ్బ ఎందుకు పనిచేయలేదో బొమ్మలో కనబడాలి. ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయా, కవచం మీద జారిపోయిందా, వెనకనున్న దీపం నుంచి మళ్లీ శక్తి తాగుతోందా. తప్పు చేసిన ప్రతిసారీ ఆడేవాడికి ఒక కొత్త సంగతి తెలిస్తే విసుగు రాదు, అదే తప్పు పదిసార్లు చేసినా అదే "0" కనబడితేనే ఫోన్ విసిరేస్తాడు.

మన పురాణాల్లో వరాలన్నీ ఇలాంటి పజిల్ బాసులే, ఎవరైనా కూర్చుని ఏరుకోవాలి గానీ. హిరణ్యకశిపుడు పగలు చావకూడదు, రాత్రి చావకూడదు, ఇంట్లో కాదు, బయట కాదు, మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు. ప్రతి షరతుకీ ఒక సందు: సంధ్యవేళ, గడప, నరసింహం. వాడి బలం ఎంతో ఎవరైనా చెప్పారా? లేదు. వాడు ఎక్కడ చావడో మాత్రమే చెప్పారు.

ప్రశ్న: బాస్ హెల్త్ సగానికి రాగానే కోపమొచ్చి రెట్టింపు దెబ్బలు వేసేలా పెట్టాను. అందరూ ఇదే చేస్తారుగా, తప్పేముంది?
– కరీంనగర్

జవాబు: తప్పేమీ లేదు, కొత్త ప్రశ్న కూడా లేదు. అదే లెక్కని పెద్ద అంకెలతో మళ్లీ ఇచ్చారంతే. సగం అనే గీతనే పజిల్‌గా ఎలా వాడొచ్చో చూడాలంటే స్లే ద స్పైర్‌లో స్లైమ్ బాస్‌ని చూడండి. పూర్తి రూపంలో 2019లో వచ్చిన పేకముక్కల ఆట అది. ఆ జిగురుముద్ద హెల్త్ సగానికి పడగానే తన వంతులో రెండుగా చీలుతుంది, ఆ క్షణాన దానికి ఎంత మిగిలిందో రెండు పిల్లలకీ చెరి అంత వస్తుంది. అంటే సగానికి కొంచెం కిందికి దింపి వదిలేస్తే దాదాపు ఇందాకటంత పని మళ్లీ మీ నెత్తిన పడుతుంది. అదే సగానికి కాస్త పైన ఆపి, చేతిలో మంచి ముక్కలు పోగయ్యేదాకా ఓపిక పట్టి, ఒక్క వంతులో కుమ్మేస్తే చీలేవి రెండూ బక్కప్రాణులు. ఎప్పుడు కొట్టాలి అన్నది కాక, ఎప్పుడు కొట్టకుండా ఆగాలి అన్నది ప్రశ్న అయింది. మన రక్తబీజుడికి బంధువే, నెత్తురు చుక్క పడితే ఇంకోడు లేస్తాడు.

అదే ఆటలో టైమ్ ఈటర్ అని ఇంకో బాస్ ఉంది. మీరు 12 ముక్కలు వేయగానే మీ వంతుని మధ్యలోనే ముగించేసి తను బలం పెంచుకుంటుంది. ఒక్కో వంతులో చిన్న ముక్కలు పదీ పదిహేనూ వేసుకుంటూ దర్జాగా గెలుస్తూ వచ్చినవాడు అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. దాని కోపం ఎవరి అలవాటు మీద పడాలో తెలిసి పెట్టారు. మీ బాస్‌కి కూడా కోపం ఉండనివ్వండి, కానీ అది మీ ఆటగాళ్లు ఆలోచించకుండా ఎక్కువగా చేసే పని మీద రానివ్వండి.

ప్రశ్న: బాస్ లెవెల్‌ని అసలు గెలవడం సాధ్యమో కాదో ఎలా తెలుసుకోవాలి? నేనే ఆడి చూస్తే సరిపోతుందా? మధ్యలో ఇరుక్కుపోయే స్థితులు ఉంటే?
– బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగమ్మాయి

జవాబు: మీరు ఆడితే చాలదండీ, మీకు జవాబు ముందే తెలుసు, వేలు అలవాటు ప్రకారం అటే పోతుంది. కంప్యూటర్ చేత ఆడించండి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లోనే అయ్యుంటుంది కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

పైన కాకినాడ కుర్రాడి ఆంబోతునే తీసుకుందాం. హీరో ఉండగల గళ్లు 36. 2×2 ఆంబోతు ఉండగల చోట్లు 25. రెండు రాళ్లు ఉండగల జతలు 630. బాణం గుర్తు నాలుగు దిక్కుల్లో ఒకటి, లేదా అసలు లేదు, అంటే 5. అన్నీ గుణిస్తే బోర్డు ఉండగల స్థితులు 28 లక్షల 35 వేలు. ఒకదాని మీద ఒకటి పడేవి తీసేస్తే ఇంకా తక్కువే. మనిషికి ఇది కొండ, లాప్‌టాప్‌కి పల్లీలు. మొదటి స్థితి నుంచి బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్, అంటే ఒక ఎత్తులో చేరేవన్నీ, తర్వాత రెండు ఎత్తుల్లో చేరేవన్నీ ఇలా వరుసగా వెతికే పద్ధతి, నడిపితే గెలుపు ఉందో లేదో, ఉంటే అతి తక్కువ ఎత్తుల్లో ఎంతో చెప్పేస్తుంది. మీరు 20 ఎత్తులు పడుతుందనుకున్న చోట అది 5 అని చెప్పిందంటే ఎక్కడో దొడ్డిదారి ఉంది. కొన్నిసార్లు ఆ దొడ్డిదారే మీరు అనుకున్నదానికంటే అందంగా ఉంటుంది, తొందరపడి మూసేయకండి, ముందు ఒకసారి ఆడి చూడండి.

ఇరుక్కుపోవడం గురించి. జపాన్‌లో 1981లో హిరోయుకి ఇమబయాషి తయారుచేసిన సోకోబాన్ నుంచీ ఉన్న బెడదే ఇది, పెట్టెని మూలలోకి తోసేస్తే ఇక బయటికి రాదు, లాగే వీలు లేదు కాబట్టి. మామూలు లెవెల్‌లో వెనక్కి తీసుకునే బటన్ ఇస్తే సరిపోతుంది. బాస్ దగ్గర మాత్రం ఆ పని బాస్ చేతే చేయించండి. రాయి మూలలో ఇరుక్కుంటే హీరో అటు వరుసలో నిలబడి ఆంబోతుని ఉసిగొల్పి తప్పుకోవాలి, అది వెళ్లి రాయిని పగలగొట్టాలి, మరుసటి వంతులో ఒక నిర్ణీతమైన గడిలో కొత్త రాయి పైనుంచి పడాలి. శత్రువు చేతే మన తప్పు దిద్దించుకోవడంలో ఉన్న తృప్తి బటన్ నొక్కితే రాదు. ఇది పెట్టాక సెర్చ్ ఇంకోసారి నడపండి, చేరుకోగల ప్రతి స్థితి నుంచీ గెలుపుకి దారి ఉందో లేదో చూడటానికి. కొత్త రాయి పడాల్సిన గడిలో అప్పటికే హీరోనో ఆంబోతో ఉంటే ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోండి, నేనైతే గడి ఖాళీ అయ్యేదాకా ఆపుతాను.

ప్రశ్న: బాస్ బొమ్మ ఎంత భయంకరంగా ఉండాలి?
– గుంటూరు

జవాబు: భయం తర్వాత. అరచేతిలో ఫోన్ పెట్టుకుని, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూడండి. అది ఎటు తిరిగి ఉందో, ఏ ఏ గళ్లలో ఉందో, ఇప్పుడు కోపంగా ఉందో లేదో తెలుస్తోందా? తెలిస్తే తర్వాత కోరలు ఎన్నైనా పెట్టుకోండి. కొమ్ములు గడి దాటి పక్క గడిలోకి వచ్చాయంటే మాత్రం ఆ గడిలో నిలబడకూడదేమోనని ఆడేవాళ్లు అనుకుంటారు, గీసినవాళ్లతో గొడవ పెట్టుకునైనా కత్తిరించండి.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఇక్కడ డాలస్‌లో ఎండాకాలం సెలవులు. స్క్రీన్ ఎక్కువైపోయిందని తీసుకుంటే, కాగితం మీద తనే ఒక గేమ్ గీశాడు, దానికి ఒక బాస్ కూడా. నన్ను ఆడమంటాడు, కానీ నేను గెలవబోతుంటే బాస్‌కి కొత్త శక్తి వచ్చేస్తుంది! ఏం చేయమంటారు?
– ఒక అమ్మ, డాలస్

జవాబు: వాడు మీకు తెలియకుండానే చాలామంది పెద్దవాళ్ల కంటే బాగా పని చేస్తున్నాడమ్మా. కాగితం మీద ఆడకుండా నేరుగా కోడ్ రాసి నెలలు పోగొట్టుకున్నవాళ్లని నాకు బాగా తెలుసు, ఒకణ్ణి అద్దంలో రోజూ చూస్తాను. చింతగింజలు అక్కడ దొరక్కపోతే చిల్లర నాణేలు, రాజ్మా గింజలు ఏవైనా పావులే.

ఒకపని చేయండి, పాత్రలు మార్చండి. మీరు బాస్, వాడు హీరో. బాస్ రూల్స్ వాడి చేతే ఒక చీటీ మీద రాయించుకుని, ఆ చీటీలో ఉన్నదే మొండిగా ఆడండి, చీటీలో లేనిది ఏమాత్రం చేయకండి. రెండు ఆటల్లో వాడే "అమ్మా, ఇది చాలా ఈజీ" అంటాడు, లేదా "ఇది అన్యాయం" అంటాడు. అప్పుడు కొత్త శక్తి కలపడం కాకుండా, ఉన్న ఒక అంకెని మార్చమనండి. నేపాల్ వాళ్లూ మనలాంటి ఆటే ఆడతారు, బాఘ్ చాల్ అంటారు. అక్కడ పులులు 4, మేకలు 20, చోట్లు 25, పులులు 5 మేకల్ని తింటే గెలిచినట్టు. మన 3, 15, 23 పక్కన పెట్టి చూడండి, ఆట తీరు ఒకటే, బోర్డూ అంకెలూ వేరు. రెండు బోర్డులూ గీసి వాడితో ఆడించండి, మేకలు రెండు తగ్గిస్తే ఏమవుతుందో వాడికే తెలుస్తుంది. పులిగా ఉండటమే ఇష్టమంటాడు, ఆ వయసు అలాంటిది. మేకలు మీరు తీసుకోండి, కానీ ఓడిపోయినట్టు నటించకండి, పిల్లలు కనిపెట్టేస్తారు.

అన్నట్టు ఆ చీటీ ఫొటో తీసి పంపించండి, వాడి బాస్ పేరేమిటో మీరు రాయలేదు.